గుండ్లను సమానం చేసిన ఊరు

బాల్ బేరింగు చరిత్రను సాధారణంగా 1794తో మొదలుపెడతారు. ఆ ఏడాది వేల్స్‌లోని కార్మార్థెన్ వాసి ఫిలిప్ వాన్, బండి ఇరుసుకు గాడిలో దొర్లే గుండ్లను అమర్చే పద్ధతికి పేటెంటు పొందాడు. ఊహ గొప్పదే. అయినా ఆ తరవాత దాదాపు తొంభై ఏళ్లపాటు అది యంత్రాల తీరును మార్చలేదు. అసలు మలుపు 1883లో జర్మనీలోని ష్వైన్‌ఫర్ట్‌లో వచ్చిందని నా వాదన. అక్కడ ఫ్రీడ్రిష్ ఫిషర్ ఉక్కు గుండ్లను పెద్ద సంఖ్యలో, ఒకే పరిమాణంలో, నిజమైన గుండ్రదనంతో సానబట్టే యంత్రం తయారుచేశాడు.

ఒక వరసలో ఉన్న గుండ్లలో ఒక్కటి వెంట్రుకవాసి పెద్దదైనా భారమంతా దానిమీదే పడుతుంది. అది నలుగుతుంది, అది దొర్లే గాడి అరుగుతుంది, పక్క గుండ్లు ఊరికే తిరుగుతాయి. సైకిల్ చక్రంలో ఈ లోపం మరీ త్వరగా బయటపడుతుంది. అక్కడ కప్పుకూ కోనుకూ మధ్య గుండ్లు ఏటవాలుగా ఆనుతాయి కాబట్టి పైనుంచి పడే బరువునూ, పక్కనుంచి వచ్చే తోపునూ కలిపి మోస్తాయి. కోను బిగిస్తే ఆ ఒత్తిడి గుండ్లన్నిటిమీదా సమానంగా పడాలి. ఈనాడు లేత్ స్పిండిళ్లలో, పంపుల్లో వాడే యాంగ్యులర్ కాంటాక్ట్ బేరింగుల సూత్రమూ ఇదే. అందుకే సమానమైన గుండ్ల అవసరం సైకిల్ పరిశ్రమకు అంత తీవ్రంగా తగిలింది.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. పారిస్‌లో జూల్ సురిరే 1869లోనే సైకిల్ బేరింగుకు పేటెంటు తీసుకున్నాడు. అదే ఏడాది పారిస్–రువాన్ పందెంలో జేమ్స్ మూర్ బేరింగులున్న సైకిల్‌మీదే గెలిచాడు. నిజమే. కానీ ఒక పందెం గెలవడానికి ఒక మంచి జత చాలు, ఒక పరిశ్రమ నిలవడానికి వేల జతలు ఒకేలా ఉండాలి. మంచి ఉక్కు లేకుండా ఫిషర్ ఏం చేసేవాడని అడగవచ్చు. ఉక్కు తప్పనిసరే. అయితే చవకగా ఉక్కు తీసే బెస్సెమర్ పద్ధతి 1856 నాటికే వచ్చింది. గుండ్ల సమస్య మాత్రం ఆ తరవాతా అలాగే ఉండిపోయింది.

ఆ పనితనం ఒకే ఊళ్లో పోగుపడ్డందుకు ష్వైన్‌ఫర్ట్ భారీ మూల్యం చెల్లించింది. జర్మనీ యుద్ధయంత్రాలను ఆపాలంటే బేరింగుల కర్మాగారాలను కొట్టాలని లెక్కవేసి, అమెరికా 1943లో ఆ ఊరిమీద రెండుసార్లు దాడి చేసింది. అక్టోబరు 14న బయల్దేరిన 291 బాంబర్లలో 60 కూలిపోయాయి. తరవాతి కాలంలో విస్తరించిన సీల్డ్ బేరింగులు కూడా ఫిషర్ బాటలోనివే. వాటి రబ్బరు సీలు గ్రీజును లోపలే ఉంచి, దుమ్మును ఆపుతుంది. ఒక్క ఇసుకరేణువు చొరబడితే సానయంత్రం సాధించిన సమానత్వం చెడుతుంది. వాన్‌కు దక్కాల్సిన గౌరవం దక్కాల్సిందే. కానీ ఒక మంచి ఊహను అందరి యంత్రాల్లోకీ చేర్చిన ఘనత, దాన్ని తేడా లేకుండా మళ్లీ మళ్లీ తయారుచేసే దారి చూపినవాడిదే.