గానుగ సున్నం, ఈ-క్యాడెరిన్

దాచేపల్లి ప్రాంతంలో పత్తీ మిరపా పండే నేలకు అడుగున ఉన్నది సున్నపురాయి. పొరుగున పిడుగురాళ్లలో దాన్ని బట్టీల్లో కాల్చి సున్నం చేస్తారు. సిమెంటు రాకముందు కట్టిన మన పాత మిద్దెల్లో ఇటుకలను పట్టి ఉంచినది గానుగలో నూరిన సున్నమే. సున్నంలో ఉండే కాల్షియమే ఒంట్లో కణానికీ కణానికీ మధ్య అతుకు నిలవడానికి కూడా కావాలి. ఈ సంగతి బయటపడిన తీరు కాస్త విచిత్రం.

క్యోటో విశ్వవిద్యాలయానికి చెందిన మసతోషి తకెయిచి 1970ల నడుమ బాల్టిమోర్‌లోని కార్నెగీ సంస్థ ప్రయోగశాలకు వెళ్లాడు. ట్రిప్సిన్ అనే ఎంజైముతో కణాలను విడదీయడం ఆయనకు అలవాటైన పని. క్యోటోలో అలా విడిపోయిన కణాలు కాసేపటికి మళ్లీ గుంపుకట్టేవి. బాల్టిమోర్‌లో కట్టలేదు. ఆరా తీస్తే, అక్కడి ట్రిప్సిన్ ద్రావణంలో కాల్షియాన్ని పట్టేసుకునే ఈడీటీఏ కలిపి ఉందని తెలిసింది. కాల్షియం ఉన్నంతసేపూ కణం మీది ఒక ప్రోటీన్ ట్రిప్సిన్ కోతకు లొంగలేదు. కాల్షియం పోగానే అది తెగిపోయింది. సీసా మారడం వల్ల దొరికిన ఆధారం ఇది. 1977లో వ్యాసం వెలువడింది. 1984లో ఆ ప్రోటీన్‌కు క్యాడెరిన్ అని పేరు పెట్టారు. కాల్షియం, అతుకు అనే రెండు మాటలూ ఆ పేరులో ఇమిడి ఉన్నాయి. గ్రంథుల లోపలి పొరల్లో ఉండే రకం ఈ-క్యాడెరిన్.

మగవారి ప్రోస్టేట్ గ్రంథికి వచ్చే కాన్సర్ దగ్గరికి ఈ కథ వచ్చేసరికి 1990లు. ఈ-క్యాడెరిన్ జన్యువు ఉండేది 16వ క్రోమోజోము పొడుగు చేతి మీద. ప్రోస్టేట్ కణితుల్లో ఆ చేతి ముక్కలు తరచు పోతున్నాయని 1990లోనే గమనించారు. 1992లో నెదర్లాండ్స్‌లోని నైమెఖెన్‌లో రైనీ ఉంబాస్, జాక్ షాల్కెన్ బృందం 92 కణితి నమూనాలకు రంగువేసి చూసింది. మామూలు గ్రంథిలో ఈ-క్యాడెరిన్ రంగు గాఢంగా పట్టింది. కణితుల్లో 46 చోట్ల పలచబడింది, లేదా అసలే లేదు. ముదురు రకాల్లోనే ఈ లోపం ఎక్కువ. ఇటుకల మధ్య సున్నం రాలిపోయింది, గోడ విడిపోయింది అన్నంత తేలిగ్గా అర్థమయ్యే కథ. 1995లో ఇంకో ముడి వీడింది: జన్యువు చెడకపోయినా, దాని మీద మిథైల్ గుర్తులు చేరి నోరు నొక్కేయగలవు.

నాకు మాత్రం అసలు రుచి 2001 నాటి మలుపులో ఉంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో మార్క్ రూబిన్ బృందం వందలకొద్దీ కణజాలపు తునకలను గాజు పలకల మీద వరసగా పేర్చి పరిశీలించింది. ఈ-క్యాడెరిన్ తగ్గింది గ్రంథిలోని కణితుల్లో. ఒళ్లంతా పాకిన కాన్సర్‌లో అది బాగానే కనిపించింది! గోడ విడిచి వెళ్లిన ఇటుక వెంట సున్నం పోదు కదా. సున్నం పోలిక అక్కడితో ఆగిపోతుంది.

ఈ కాన్సర్ ఎక్కువగా చేరేది ఎముకల్లోకి, ముఖ్యంగా వెన్నులోకి. పొలం పనికి వంగి వంగి వచ్చిన నొప్పేలే అని పెద్ద వయసు రైతు అనుకునే నడుము నొప్పి ఒక్కోసారి ఇదే. దారిలో అతుకు వదిలి, గమ్యం చేరాక మళ్లీ పట్టుకునే కణం అక్కడ కొత్త గుంపు కట్టుకుంటుందేమో.