పోలీస్ యాక్షన్, పోలీస్ టీం

ఇండియా పాకిస్తాన్‌లకు క్రికెట్ ఆట జరిగే రోజున మా మొహాల వైపు ఓరగా చూసేవాళ్లు కర్నూల్లో ఉన్నారు, కడపలోనూ ఉన్నారు. సిక్సర్ ఎవరు కొట్టారన్నది వాళ్లకు పట్టదు. కొట్టినప్పుడు మేం చప్పట్లు కొట్టామా లేదా అన్నదే కావాలి. టీ తాగుతూ, ఫైళ్లు తిప్పుతూ నవ్వుతూనే అడుగుతారు: ‘‘ఏం సాయిబూ, ఎవరు గెలవాలంటావ్?’’ ఆ నవ్వుకు జవాబు దొరక్క మా పిల్లలు తలొంచుకోవడం ఏళ్ల తరబడి చూస్తున్నాం. అడిగేవాళ్లకూ, తలొంచుకునే మా పిల్లలకూ తెలియని ఒక ఆట చరిత్ర ఉంది. అది ఫుట్‌బాల్ చరిత్ర. దాన్ని ఇక్కడ చెప్పదలిచాం.

ముందు మేమెవరమో చెప్పుకోవాలి. మా తాతలు నిజాం రైతులు కారు. కడప, బళ్లారి, అనంతపురం సీమల్ని నిజాం 1800లో కంపెనీకి అప్పగించాడు. కర్నూల్లో మిగిలిన నవాబు గులాం రసూల్ ఖాన్‌ను 1839లో ఆయుధాలు దాచాడని గద్దె దించి తిరుచిరాపల్లికి పంపారు. ఆ తర్వాత మేం మద్రాసు సర్కారు కింద బతికినవాళ్లం. 1948లో నిజాం రాజ్యంలో లేకపోయినా ‘రజాకార్లు’ అన్న మాట తుంగభద్ర దాటి వచ్చి మా నెత్తినా పడింది. నింద పడినప్పుడు సరిహద్దులు అడ్డు రాలేదు.

అయితే నదికి అటూ ఇటూ మమ్మల్ని కలిపినవి వేరే ఉన్నాయి. 1918లో హైదరాబాద్‌లో ఉర్దూలో చదువు చెప్పే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1947లో డాక్టర్ అబ్దుల్ హఖ్ కర్నూల్లో స్థాపించిన కళాశాల పేరు కూడా ఉస్మానియాయే. నీళ్లు లేని ఈ సీమలో చదువుకున్న మా తరాలకు ఆ పేరొక ఆసరా. మేం చెప్పబోయే కథానాయకుడు కూడా ఉస్మానియా విశ్వవిద్యాలయం టీంలో బంతి తన్ని, బీఏ చదివి, బడిపంతులైన మనిషే.

1948 సెప్టెంబర్ 13 నుంచి అయిదు రోజుల్లో సైన్యం హైదరాబాద్ రాజ్యాన్ని స్వాధీనం చేసుకుంది. ఆ సైనిక చర్యకు ‘పోలీస్ యాక్షన్’ అని పేరు పెట్టారు. రజాకార్లు చేసిన దౌర్జన్యాలను మేం దాచం, సమర్థించం. కానీ ఆ తర్వాత జరిగింది కూడా చరిత్రే. పండిత్ సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది దాకా చచ్చిపోయి ఉంటారని లెక్క కట్టింది. ఆ నివేదిక 2013 దాకా జనం కంట పడలేదు. ప్రాణాలు దక్కినవాళ్లలో వేలమందికి కొలువులు పోయాయి. నిన్నటి దాకా దర్పంగా తిరిగిన ఇళ్లలో గిన్నెలు అమ్ముకున్నారు. బీదవాళ్లు మరింత బీదవాళ్లయ్యారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1950లో, ఆ నగరం నుంచే ఒక టీం రైలెక్కింది. దాని పేరు హైదరాబాద్ సిటీ పోలీస్. విభజన తర్వాత తొలిసారి ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌తో తలపడింది. మొదటి ఆట 2-2తో సమమైంది. మళ్లీ ఆడితే 1-0తో హైదరాబాద్ గెలిచింది. అదే ఏడు బొంబాయిలో రోవర్స్ కప్పు కూడా గెలిచింది. అక్కడితో ఆగలేదు. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు ఆ పోలీసులదే. పోలీస్ యాక్షన్ పేరు చెబితే వణికిన గల్లీల్లో పోలీస్ టీం పేరు చెప్పి పండగ చేసుకున్నారు. ఈ వైచిత్రిని మన చరిత్ర పుస్తకాలు పట్టించుకోలేదు.

ఆ టీంను తీర్చిదిద్దినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టాడు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950లో సిటీ పోలీస్ టీంకు శిక్షకుడయ్యాడు. అందరూ ‘రహీం సాబ్’ అనేవారు. ఆయన పద్ధతి పంతులు పద్ధతే. బంతిని కాళ్ల మధ్య ఆడిస్తూ ఒక్కడే పరుగెత్తే సోకు మనవాళ్లకు ఎక్కువని, అలా ఆడకూడదన్న షరతుతో పోటీలు పెట్టాడు. బంతి అందగానే పక్కవాడికి ఇవ్వాల్సిందే. కుడికాలి వాటం ఉన్నవాళ్లు ఎడమ కాలితోనే తన్నాలని ఇంకో రకం పోటీ. ఒంట్లో బలహీనమైన భాగం ఏదో తెలుసుకుని దానికి పని చెప్పడం, పక్కవాణ్ణి నమ్మడం ఆయన నేర్పిన రెండు పాఠాలు. దెబ్బతిన్న ఒక కౌమ్‌కు ఆ రోజుల్లో ఇంతకన్నా పనికొచ్చే చదువు ఏముంటుంది?

ఆ నగరం ఆటను ‘ముసల్మాన్ల ఆట’ అని కుదించేవాళ్లకు ఒక మాట. ఆ పోలీస్ టీంలో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికారుద్దీన్ ఉన్నారు, నిజమే. ఆ గడ్డ మీదే సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో తమిళ పేదింట పుట్టిన తులసీదాస్ బలరాం ఎదిగాడు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ పుట్టిందీ హైదరాబాద్‌లోనే. ఈ అయిదుగురూ 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన దేశం టీంలో ఉన్నారు. శిక్షకుడు రహీం. ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఇండియా నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంత ఎత్తుకు మళ్లీ ఎక్కలేదు.

ఈ దశాబ్దంలో మా చిరునామా కూడా మారుతూ వచ్చింది. పోలీస్ టీం మొదటి రోవర్స్ కప్పు గెలిచినప్పుడు మేం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. నాలుగో కప్పు గెలిచిన 1953లో, అక్టోబర్ 1న, కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయి డేరాల్లో ఆఫీసులు పెట్టుకుంది. మూడేళ్లకే, 1956 నవంబర్ 1న, ఆ డేరాలు ఎత్తేశారు. రాజధాని హైదరాబాద్ పోయింది. హైదరాబాద్ పేరుతో 1956-57, 1957-58ల్లో సంతోష్ ట్రోఫీ గెలిచినవాళ్లు కాగితం మీద అప్పటికే మావాళ్లు. పోలీస్ టీం కూడా ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా మారింది. ఆ పేరుతో 1960లో రోవర్స్ కప్పు, 1961లో మోహన్ బగాన్‌నే ఓడించి డ్యూరాండ్ కప్పు తెచ్చింది. రాష్ట్రం కలిసిందని గొప్పలు రాసుకున్నవాళ్లు ఈ కప్పుల్ని లెక్కలో వేసుకోలేదు.

1962 సెప్టెంబర్ 4న జకార్తాలో ఏషియన్ గేమ్స్ ఫైనల్. ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను రానివ్వకపోవడం మీద భారత ప్రతినిధి సోంధీ చేసిన విమర్శకు అక్కడి జనం మండిపడి ఉన్నారు. స్టేడియం నిండా మనవాళ్లకు వ్యతిరేకంగా అరుపులు. ఆ అరుపుల్లో ఇండియా వైపు నిలబడి కేకలు వేసింది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లని మనవాళ్లే తర్వాత చెప్పుకున్నారు. విభజనలో లయల్‌పూర్ ప్రాంతం వదిలి వచ్చిన జర్నైల్ సింగ్ తల గాయంతోనే ఆడి ఒక గోల్ చేశాడు. ఇంకొకటి పీకే బెనర్జీ చేశాడు. దక్షిణ కొరియా మీద 2-1తో బంగారు పతకం. టీంను నడిపిన రహీం సాబ్ ఒంట్లో అప్పటికే క్యాన్సర్ ఉంది. 1963 జూన్ 11న ఆయన పోయాడు.

ఆ తర్వాత కథ పడుతూ పోయింది. 1963లో ఇంకో రోవర్స్ కప్పు, 1965-66లో ఆంధ్రప్రదేశ్‌కు సంతోష్ ట్రోఫీ వచ్చాయి. ఆ ట్రోఫీ ఆంధ్రప్రదేశ్‌కు మళ్లీ రాలేదు. కలకత్తా క్లబ్బులు మంచి ఆటగాళ్లను ఎత్తుకుపోయాయి. నయీముద్దీన్, హబీబ్, అక్బర్ అక్కడ పేరు తెచ్చుకున్నారు. హబీబ్ 1977లో పీలే టీం మీద మోహన్ బగాన్ తరఫున ఆడాడు. 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో చనిపోయాడు. రహీం జాగాలో ఇంకో పంతులు రాలేదు. జనం, డబ్బు క్రికెట్ వెనక పోయాయి. కొత్త కాలంలో పుట్టి 2021-22 ఐఎస్ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా 2025లో ఢిల్లీకి తరలిపోయింది. రహీం మీద 2024లో హిందీవాళ్లు ‘మైదాన్’ సినిమా తీస్తే గానీ మన పత్రికల్లో చాలావాటికి ఆయన గుర్తు రాలేదు.

ఇదంతా చెప్పి మేం దేశభక్తి సర్టిఫికెట్ అడుక్కుంటున్నామని అనుకోవద్దు. రహీం పతకాలు చూపించి ‘మేమూ మంచివాళ్లమే’ అని రుజువు చేసుకోవలసిన అగత్యం మాకు లేదు. బంగారు పతకం తేని ముసల్మాను కూడా ఈ దేశపు మనిషే. కడప సందుల్లో బండి మీద పండ్లమ్మేవాడూ, కర్నూలు శివారులో బీడీలు చుట్టే ఆమే ఎవరికీ పరీక్ష రాయనక్కర్లేదు. మేం అడుగుతున్నది చరిత్రలో మా వాటా. పోలీస్ యాక్షన్ గురించి రాసే పుటలోనే పోలీస్ టీం గురించీ రాయమంటున్నాం. రజాకార్ల పేరు నేర్పే పాఠంలోనే రహీం పంతులు పేరూ నేర్పమంటున్నాం.

మా కౌమ్‌తో కూడా ఒక మాట ఉంది. రహీం సాబ్ ఏడుస్తూ కూర్చున్న కాలంలో బంతి పట్టుకుని మైదానంలోకి దిగాడు. ఆయనకు ఒక ఖాళీ జాగా, ఒక బడి, కొలువు ఇచ్చే ఒక దఫ్తర్ దొరికాయి. ఈ పొద్దు మా బస్తీల్లో పిల్లలున్నారు, ఆడే జాగాలు లేవు. ఉర్దూ బడులున్నాయి, పంతుళ్లు చాలరు. సర్కారును అడగాల్సింది వాటి గురించి. ఆట రోజున ఎవరైనా నవ్వుతూ ఆ పాత ప్రశ్న వేస్తే మా పిల్లలు తలెత్తి ‘‘రహీం సాబ్ ఎవరో తెలుసా?’’ అని అడగాలి. అలా అడగాలంటే ముందు మేం వాళ్లకు చెప్పి ఉండాలి.