కీళ్ల నొప్పులు, ఫైబ్రోమయాల్జియా: ఫుడ్ సప్లిమెంట్ల వాడకంలో పాటించవలసిన జాగ్రత్తలు

కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలో ఆదోని పత్తి వ్యాపారానికి, ఎమ్మిగనూరు చేనేతకు పేరుగాంచిన పట్టణాలు. మాచాని సోమప్ప కృషితో 1938లో ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం ఏర్పడింది. గుంట మగ్గంలో గంటల తరబడి కూర్చునే నేత కార్మికులకు, మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీలకు, నడుము వంచి పత్తి తీసే కూలీలకు మోకాళ్లు, నడుము, భుజాలే జీవనాధారం. నొప్పి వస్తే ఆ రోజు కూలి పోతుంది. త్వరిత ఉపశమనం పేరిట అమ్మే మాత్రలు, పొడుల విషయంలో ఇటువంటి వారికి సరైన సమాచారం అందడం ఎంతైనా అవసరం.

ముందు కారణం తెలియాలి

కీళ్ల నొప్పి అనేక వ్యాధులకు లక్షణం. కీళ్ల అరుగుదల, రుమటాయిడ్ ఆర్థరైటిస్, గౌట్, విటమిన్-డి లోపం, తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడ్ వంటివి ఇందుకు కారణం కావచ్చును. 2005-06లో రాష్ట్రంలో చికున్‌గున్యా ప్రబలినప్పుడు జ్వరం తగ్గిన తరువాత కూడా అనేకులను కీళ్ల నొప్పులు బాధించాయి. వీటిలో ఒక్కొక్కదానికి చికిత్స వేరు. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు చికిత్స ఆలస్యమైతే కీళ్లు శాశ్వతంగా వంకరపోయే ప్రమాదమున్నది.

ఫైబ్రోమయాల్జియాలో ఒళ్లంతా నొప్పులు, అలసట, నిద్ర పట్టినా తీరని బడలిక ఉంటాయి. ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు సాధారణంగానే ఉండవచ్చును. అంతమాత్రాన అది అపోహ కాదు. ఐరోపా రుమటాలజీ సంస్థ యూలార్ 2016లో సవరించిన సిఫారసులలో గట్టిగా సూచించినది వ్యాయామం ఒక్కటే.

పరిశోధనల ఫలితాలు

అమెరికాలో 1,583 మంది మోకాలి నొప్పి రోగులపై 24 వారాలపాటు జరిపిన పరిశోధన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. గ్లూకోసమిన్, కాండ్రాయిటిన్ మొత్తం మీద ఉత్తుత్తి మాత్ర కంటె చెప్పుకోదగినంత మేలు చేయలేదని తేలింది. మోకాలు, తుంటి కీళ్ల అరుగుదలకు గ్లూకోసమిన్ వాడవద్దని అమెరికన్ రుమటాలజీ కళాశాల 2019లో గట్టిగా సిఫారసు చేసింది. విటమిన్-డి లోపం ఉన్నవారికి ఆ విటమిన్ ఇవ్వడం చికిత్సయే. అయితే వారానికి ఒకటిగా వైద్యులు రాసే 60,000 యూనిట్ల మాత్రను రోజూ వాడితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతినవచ్చును.

గమనించవలసిన ప్రమాదాలు

గ్లూకోసమిన్‌ను తరచుగా రొయ్యలు, పీతల పెంకుల నుండి తయారు చేస్తారు. అవి పడనివారు జాగ్రత్త వహించాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు గ్లూకోసమిన్, పసుపు మాత్రలు తీసుకుంటే రక్తస్రావం ప్రమాదం పెరగవచ్చును. ఒక్క మోతాదుతోనే నొప్పి మాయమయ్యే పొడులను అనుమానించాలి. 2022లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ‘ఆర్ట్రి కింగ్’ అనే సప్లిమెంటులో లేబులుపై చూపని డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, డైక్లోఫెనాక్ ఉన్నట్లు హెచ్చరించింది. స్టెరాయిడ్ దీర్ఘకాలం వాడితే మధుమేహం, ఎముకల బలహీనత వస్తాయి. దానిని హఠాత్తుగా మానినా ప్రమాదమే.

చట్టం ఏమి చెబుతున్నది

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం-2006 ప్రకారం సప్లిమెంటు ఆహారమే గాని ఔషధం కాదు. లేబులుపై 14 అంకెల లైసెన్సు సంఖ్య, ఔషధంగా వాడరాదన్న సూచన ఉండాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు ఈ చట్టంలోని 53వ సెక్షను కింద 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. రుమాటిజంను నయం చేస్తామనే ఔషధ ప్రకటనలను 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం నిషేధించింది. తొలి నేరానికి ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చును.

పత్రికా ప్రతినిధులు ఇటువంటి ప్రకటనలను స్వీకరించే ముందు ఈ నిబంధనలను పరిశీలించవలసి ఉన్నది. అనుమానాస్పద సప్లిమెంట్లను ఆహార భద్రత అధికారి దృష్టికి, మందులను డ్రగ్స్ ఇన్‌స్పెక్టరు దృష్టికి తీసుకురావాలి. వాపు, ఎరుపు, జ్వరంతో కూడిన నొప్పి, లేదా ఉదయం గంటకు పైగా కీళ్లు బిగుసుకుపోవడం ఉన్నవారు జాప్యం చేయక సమీప ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యుని సంప్రదించాలి. వాడుతున్న ప్రతి మాత్రను, పొడిని వైద్యునికి చూపించాలి.