చిరివేరు: శ్రీహరికోట యానాదుల వృత్తిజ్ఞానం

కలంకారీ ఎరుపునకు సంప్రదాయ ఆధారం చిరివేరు. బ్రిటిష్ పాలనాకాలంలో శ్రీహరికోట అడవుల నుండి దానిని సేకరించినవారు యానాదులు. ఇసుకనేలలోని సన్నని వేరును తెగకుండా తీయడం చేతితో చేస్తూ నేర్వవలసిన విద్య. 1868లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు గ్రేబె, లీబెర్మన్ అలిజరిన్‌ను కృత్రిమంగా రూపొందించిన తరువాత చిరివేరుకు గిరాకీ క్షీణించింది.

1950ల చివర కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో సమీపంలోని శ్రీకాళహస్తిలో కలంకారీ శిక్షణకేంద్రం ఏర్పడింది. చిత్రకారుని హస్తకౌశలం పాఠ్యాంశమైంది. 1969లో శ్రీహరికోట రాకెట్ ప్రయోగాలకు ఎంపిక కావడంతో యానాదుల అటవీజీవనం మారిపోయింది.

కలం పట్టిన చేతిపని విద్యగా గుర్తింపు పొందింది. వేరు తవ్విన చేతిపని కూలిగానే మిగిలింది. వృత్తివిద్యా చరిత్ర ఈ రెండింటినీ ఒకే కళలోని అంగాలుగా పరిగణించినప్పుడే సమగ్రమవుతుంది.