సరుకు చేసేముందు సంత చూడాలి

ఈ ఏడాది మన సమాఖ్యలో ఇంటర్, డిగ్రీ చదివే సభ్యుల పిల్లలకి ఒక కొత్త పాఠం మొదలుపెట్టాం. కొత్త వ్యాపారం పెట్టేముందు మార్కెట్ ఎలా చూసుకోవాలో నేర్పిస్తున్నాం. "చదువుకునే పిల్లలకి ఇదంతా ఎందుకు?" అని కొందరు సభ్యులు అడిగారు. ఈ విద్య మన దాకా ఎలా వచ్చిందో తెలిస్తే జవాబు దొరుకుతుంది.

ముందుగా లిజ్జత్ పాపడ్ సంగతి. 1959 మార్చి 15న ముంబయిలోని గిర్గాంలో ఏడుగురు ఆడవాళ్ళు 80 రూపాయలు అప్పు తెచ్చి, మేడ మీద అప్పడాలు చేశారు. మొదట చేసినవి 4 ప్యాకెట్లే. అవి ఒక వ్యాపారికి ఇచ్చి, అమ్ముడుపోయాక పని పెంచుకున్నారు. మొదట్లో మంచి రకం, నాసిరకం అని రెండు చేశారు. వాళ్ళకి దారి చూపించిన ఛగన్‌లాల్ పరేఖ్ గారు నాసిరకం వద్దన్నారు, లెక్కలు సరిగ్గా రాయమన్నారు. ఆ ఏడాది వానల్లో అప్పడాలు ఎండక నాలుగు నెలలు పని ఆగిపోయింది. మరుసటి ఏడాది మంచం మీద అప్పడాలు పరిచి, కింద స్టవ్ వెలిగించి ఆరబెట్టారు. సరుకు ఆగకుండా అందితేనే కదా కొనేవాళ్ళు నిలబడతారు! కొంచెం చేసి, చూసి, పెంచడం వాళ్ళు పని చేస్తూనే నేర్చుకున్నారు.

రెండోది మన కాకినాడ. "వ్యాపారం పుట్టుకతో రావాలి, మనవల్ల కాదు" అనేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. హైదరాబాద్‌లో చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ 1962లో మొదలైంది. 1964లో అమెరికా ప్రొఫెసర్ డేవిడ్ మెక్‌క్లెలాండ్ ఆ సంస్థతో కలిసి కాకినాడ వ్యాపారులకి శిక్షణ ఇప్పించారు. తర్వాత చూస్తే, శిక్షణ తీసుకున్నవాళ్ళు తీసుకోనివాళ్ళ కంటే చురుగ్గా వ్యాపారం పెంచుకున్నారు. పాత ఆచారాలు వాళ్ళకి అడ్డు రాలేదు. అంటే పట్టుదల కూడా నేర్పించొచ్చన్నమాట. 1970ల్లో గుజరాత్‌లో కొత్తగా పరిశ్రమ పెట్టేవాళ్ళకి శిక్షణలు నడిచాయి. పట్టుదలతోపాటు సరుకు ఎంచుకోవడం, మార్కెట్ సర్వే చేయడం కూడా ఇలాంటి శిక్షణల్లో పాఠాలయ్యాయి. 1983లో అహ్మదాబాద్‌లో ఇందుకోసమే ఒక సంస్థ వచ్చింది.

మూడోది మన డ్వాక్రా. ఇది 1982-83లో మొదలైంది. 15 నుంచి 20 మంది ఆడవాళ్ళు ఒక గ్రూపు, గ్రూపుకి మొదట్లో 15,000 రూపాయల రివాల్వింగ్ ఫండ్. మన అమ్మల తరం ఇంటి గడప దాటి బ్యాంకు మెట్లెక్కింది దీనివల్లే. కానీ మా వైపు శిక్షణ అంటే తయారీయే. పచ్చళ్ళు, కొవ్వొత్తులు, కుట్టు. ఎలా చేయాలో చెప్పారు, ఎవరు కొంటారో చెప్పలేదు. మా ఊళ్ళో మూడు గ్రూపులూ మామిడికాయ పచ్చడే పెట్టాయి. ప్రతి ఇంట్లో జాడీ ఉన్న ఊళ్ళో పచ్చడి కొనేదెవరు? డ్వాక్రా బజారు పెట్టినప్పుడు కాస్త అమ్ముడయ్యేది. బజారు ఎత్తేశాక సీసాలు ఇంటికొచ్చేవి. సీసాలు మిగిలినా అప్పు కిస్తీ మాత్రం ఆగదు కదా.

ఈ లోటు తీర్చడానికే గ్రామాల్లో కొత్త వ్యాపారాల కోసం ఎస్‌వీఈపీ పథకం వచ్చింది. మన సంఘాల మనుషులకే శిక్షణ ఇచ్చి, మార్కెట్ చూడడంలో, ప్లాన్ రాయడంలో కొత్తవాళ్ళకి తోడుగా పంపడం ఇందులో ముఖ్యమైన పని.

మన పిల్లలకి నేర్పేది కూడా ఆ దారిలోనే. రాగి బిస్కెట్లు చేద్దామనుకున్న పిల్లల్ని ముందు నోటు పుస్తకాలతో సంతకి, టీ కొట్లకి, హాస్టల్‌కి పంపాం. "మా బిస్కెట్ బాగుందా?" అని అడగొద్దన్నాం. మొహమాటానికి అందరూ బాగుందనే అంటారు. "పోయిన వారం ఏ బిస్కెట్ కొన్నారు, ఎంతకి కొన్నారు, ఎక్కడ కొన్నారు?" అని అడగమన్నాం. మనసులో మాట కంటే, చేసిన ఖర్చు నిజం చెబుతుంది. కొట్టువాళ్ళు చిన్న ప్యాకెట్ కావాలన్నారు. సరుకు అమ్ముడయ్యాకే డబ్బులిస్తామని, మెత్తబడితే వెనక్కి ఇస్తామని చెప్పారు. పిల్లలు వేసుకున్న లెక్కలో ఈ రెండూ లేవు. పెద్ద ప్యాకెట్ ఆలోచన మానుకుని, డబ్బు చేతికొచ్చేదాకా పిండికి, బెల్లానికి ఎంత కావాలో మళ్ళీ లెక్క కట్టారు. ఇదంతా అప్పు తీసుకోకముందే తెలిసింది.

అక్కలారా, మన అప్పు ఒక్కరిది కాదు. ఒకరి కిస్తీ తప్పితే గ్రూపు మాట పోతుంది, పక్కన ఉన్న చెల్లి పిల్లల ఫీజుకి అడిగిన అప్పు ఆగుతుంది. అందుకే సంఘం మీటింగులో వ్యాపారం అప్పుకి తీర్మానం రాసేముందు మూడు ప్రశ్నలు అడుగుదాం. ఎవరు కొంటారు? ఇప్పుడు వాళ్ళు ఎక్కడ, ఎంతకి కొంటున్నారు? మన డబ్బు ఎన్ని రోజులకి తిరిగొస్తుంది? జవాబు లేకపోతే అప్పు కాదనొద్దు. ఒక వారం సంత తిరిగి రమ్మందాం. లెక్క రాయడం రాని అక్క ఉంటే, ఈ పాఠం నేర్చుకున్న పిల్లల్లో ఒకరిని తోడు పంపుదాం.