పచ్చీసు నుంచి లూడో దాకా

బ్యారక్‌లో ఖాళీ దొరికితే బయటికి తీసేది లూడో బోర్డే. ఇది దొరల ఆట అని సర్వీసులో చాలాకాలం అనుకున్నాను. నిజానికి ఇంగ్లండులో పేటెంటు పొందిన ఈ ఆట మన పచ్చీసుకి మనవడు. పచ్చీస్ అంటే హిందీలో ఇరవై ఐదు. ఆరు గవ్వలూ బోర్లా పడితే వచ్చే పెద్ద పందెం అదే. ఫతేపూర్ సిక్రీలో అక్బరు కోట ముంగిట రాళ్లతో పరిచిన పచ్చీసు గళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆగ్రా పోస్టింగులో చూశాను. మనుషుల్నే కాయలుగా నిలబెట్టి ఆడేవారట!

దొరలు గవ్వలు తీసి పాచిక పెట్టారు, సరే. జోడీని కూడా తీసేశారు. పచ్చీసులో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక పక్షం. ఒకరి కాయలు నాలుగూ పండితే చాలదు, రెండోవాడివీ పండాలి. లూడోలో మామూలుగా ఎవరి గోల వారిదే.

ఒక చలికాలం ఎత్తు మీద పోస్టులో మా రాజస్థానీ హవల్దార్ సాబ్ పాత గోనె మీద బొగ్గుతో గళ్లు గీసి, చొక్కా గుండీలతో పాత పద్ధతి నేర్పారు. నా జోడీ గుంటూరు వాడు. తనవన్నీ ముందే పండినా లంగర్‌కి పోకుండా, నా ఆఖరి గుండీ ఇంటికి చేరేదాకా ఎదురుగా కూర్చునేవాడు. 1999 జూలైలో వాడు తిరిగి రాలేదు. వాడి గుండీలు నాలుగూ నా ట్రంకు పెట్టెలో ఉన్నాయి.