ఉప్పును కరిగించు నీరు

రాజోలు దీవిలో వశిష్ఠ గోదావరి ఒడ్డున దిండి గ్రామమున్నది. అక్కడినుండి కొంత దిగువన, అంతర్వేది వద్ద, ఆ పాయ సముద్రమున గలియుచున్నది. పోటు వేళ సముద్రపు ఉప్పు ఏటికి ఎదురెక్కును. వేసవిలో పైనుండి వచ్చు నీరు సన్నగిల్లినపుడు ఇది మరింత అధికము. ఆ నీరు చూచుటకు తేటగనే యుండును, కాని గుడ్డతో ఎన్నిమార్లు వడియగట్టినను ఉప్పు పోదు. అదే ఒడ్డున గానుగాడిన కొబ్బరినూనెను చెంబెడు నీటిలో బోసి ఎంత కలియబెట్టినను, చేయి తీసిన కొంతసేపటికే పైకి తేలును. ఉప్పును తనలో నింతగ కలుపుకొను నీరు నూనెను ఏల వెలివేయును? సరియైన జవాబు దొరకుటకు రసాయన శాస్త్రమునకు నూరేండ్లకు పైగా పట్టినది.

1807లో లండను నగరమున హంఫ్రీ డేవీ, కరగించిన క్షారములగుండ విద్యుత్తును పంపి పొటాషియమును, సోడియమును విడదీసెను. విడదీసినది విద్యుత్తు అయినచో, కలిపియుంచినదియు విద్యుత్తే కావలెనని స్వీడను దేశస్థుడు బెర్జీలియస్ తలచెను. ఆయన మూలకములను వరుసగా నిలిపి, ఒక కొనన ఆమ్లజనిని, రెండవ కొనన పొటాషియమును ఉంచెను. ఋణవిద్యుదాత్మకత యను మాట ఆయన కాలమునుండి వచ్చినదే.

ఉప్పు విషయమున ఈ సిద్ధాంతము చక్కగ కుదిరినది. మరి ఉదజని పరమాణువులు రెండు తమలో తామేల కలియును? రెండును ఒకే జాతివి గదా! అట్టి కలయికను బెర్జీలియస్ ఒప్పుకొననే లేదు. 1830 దశకపు చివర ఫ్రాన్సులో డ్యూమా చేసిన పని ఇంకను చిక్కు తెచ్చెను. వెనిగరులోని అసిటిక్ ఆమ్లమున మూడు ఉదజని పరమాణువుల చోట మూడు క్లోరిన్ పరమాణువులు చేరినను, అది ఆమ్లముగనే నిలిచినది. ధనము కూర్చున్న పీటపై ఋణము కూర్చుండుట యెట్లు? బెర్జీలియస్ ఓడెనని వ్రాయుట వాడుక. మా దృష్టిలో ఆయన సగము గెలిచినవాడే. ఆయన కాలమున ఎలక్ట్రాను ఎవరికిని తెలియదు.

అది 1897లో తెలిసినది. 1916లో అమెరికాలో లూయిస్, రెండు పరమాణువులు ఒక ఎలక్ట్రాను జంటను ఉమ్మడిగా అనుభవించుటయే బంధమనెను. ఉమ్మడి యన్నంత మాత్రమున వాటాలు సమానము కానక్కరలేదు. ఉమ్మడి కుటుంబములలో పెరిగినవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు. ఆ హెచ్చుతగ్గును కొలిచినవాడు లైనస్ పౌలింగ్, 1932లో. ఆయన లెక్క చూడుడు. ఉదజని జంటను విడదీయుటకు సుమారు 104, క్లోరిన్ జంటకు 58 కిలోకేలరీలు వలయును. సగటు 81. కాని ఉదజనికిని క్లోరిన్‌కును నడుమనున్న బంధమునకు 103 కావలెను. ఆ హెచ్చైన 22 ఎక్కడిది? క్లోరిన్ జంటను తనవైపు లాగుకొనుటచేత ఒకవైపు కొంత ఋణము, రెండవవైపు కొంత ధనము ఏర్పడి బంధము బిగిసినదని పౌలింగ్ గ్రహించెను. ఇట్టి హెచ్చులనుండియే ఆయన ప్రతి మూలకమునకు ఒక అంకె కట్టెను. తరువాత సవరించిన అంకెలలో ఫ్లోరిన్‌ది 3.98, ఆమ్లజనిది 3.44, క్లోరిన్‌ది 3.16, కర్బనముది 2.55, ఉదజనిది 2.20, సోడియముది 0.93.

ఇపుడు దిండి నీటిని చూతము. ఆమ్లజనికిని ఉదజనికిని అంతరము 1.24. పైగా నీటి అణువు వంగియుండును గనుక రెండు లాగుడులును ఒకదాని నొకటి కొట్టివేయక, అణువునకు ఋణపు కొన, ధనపు కొన మిగులును. కర్బనద్వ్యామ్లజనిలోను లాగుడు గలదు. అది నిటారైన అణువగుటచేత ఫలము సున్న. ఉప్పులో అంతరము 2.23, అక్కడ పంచుకొనుట దాదాపు లేదు, ఎలక్ట్రాను క్లోరిన్ సొత్తైనది. నీటి అణువులు ఋణపు కొనలతో సోడియమును, ధనపు కొనలతో క్లోరిన్‌ను చుట్టుకొని విడదీసికొనిపోవును. నూనెలో ఆమ్లజని లేకపోలేదు గాని, పైచేయి పొడవైన కర్బనపు గొలుసులది. కర్బనమునకు ఉదజనితో అంతరము 0.35 మాత్రమే. ఒకదాని నొకటి పట్టుకొనియున్న నీటి అణువుల నడుమ ఆ గొలుసులకు చోటు దొరకదు.

నీరు అంత గట్టిగ పట్టిన ఉప్పును గుడ్డగాని ఇసుకగాని విడిపింపలేదు. కావుననే 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిమ్మట, గన్నవరమువద్ద వైనతేయపాయపై కట్టిన అక్విడక్టు మీదుగా వచ్చిన కాలువ నీరు ఈ దీవికి అంత విలువైనది. ఉప్పెక్కిన చేనిలో ఆ తీపినీటిని నిలువబెట్టి, మురుగుకాలువలోనికి వదలుదురు. ఉప్పు ఆ నీటి వెంటనే పోవును.